డబ్బా మీది వేగాన్ని ఎంతవరకు నమ్మాలి?

నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లినప్పుడు బుడగలు కాల్చే దుకాణం కనబడితే నేను ఆగకుండా ఉండలేను. ఒకే బల్ల మీద రెండు ఎయిర్ గన్నులు ఉంటాయి. ఒకదాని దెబ్బ టప్పున తగులుతుంది, రెండోదాని గుండు నీరసంగా వెళ్తుంది. లోపల నొక్కి పెట్టిన స్ప్రింగు విడివడి పిస్టన్‌ను తోస్తే, పిస్టన్ ముందున్న గాలి ఒక్కసారిగా ఒత్తిడికి గురై గుండును నెడుతుంది. స్ప్రింగు అలసినా, పిస్టన్ చివరి వాషరు అరిగి గాలి పక్కకు జారినా వేగం పడిపోతుంది.

కొత్తది కొనేవాళ్లు ముందుగా చూసేది డబ్బా మీది అంకె. సెకనుకు 1000 అడుగులు, అంటే సుమారు 305 మీటర్లు! ఎంత బరువున్న గుండుతో కొలిచారో తెలియకపోతే ఆ అంకెతో పని లేదు. 0.35 గ్రాముల తేలిక గుండు 300 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి దాదాపు 16 జౌళ్లు. 0.53 గ్రాముల సీసపు గుండు 245 మీటర్లతో వెళ్లినా అంతే శక్తి. గన్ను బలం ఒకటే, అంకెలే వేరు. అందుకే రెండు రైఫిళ్లను పోల్చాలంటే రెండింటిలోనూ ఒకే గుండు వాడాలి. మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనలు కూడా వేగాన్ని కాక శక్తినే లెక్కలోకి తీసుకుంటాయి. అది 20 జౌళ్లు దాటితే లైసెన్స్ కావాలి.

ఇంకో సంగతి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీల్లో వాడే రైఫిళ్ల గుండు వేగం సెకనుకు సుమారు 170 మీటర్లే. అర మిల్లీమీటరు చుక్కను కొట్టడానికి అది చాలు. ఢమరుకంలా నడుము సన్నగా ఉండే గుండు ధ్వని వేగానికి దగ్గరైతే ఊగిపోయి గురి తప్పుతుంది. ఎక్కువ వేగం కోసం ఎగబడేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

కొలవడానికి ఫోన్ చాలు. మట్టిబస్తాకు ముందు పలుచని ప్లైవుడ్ నిలబెట్టి, సరిగ్గా 10 మీటర్ల నుంచి కాల్చండి. గన్ను పక్కనే ఫోన్ పెట్టి రికార్డు చేస్తే రెండు చప్పుళ్లు దొరుకుతాయి: ఒకటి గన్ను పేలినది, రెండోది గుండు ప్లైవుడ్‌కు తగిలినది. వాటి మధ్య 0.088 సెకన్లు వచ్చిందనుకుందాం. రెండో చప్పుడు ఆ 10 మీటర్లు వెనక్కి ఫోన్ దాకా రావడానికి పట్టిన 0.029 సెకన్లు తీసేస్తే 0.059 మిగులుతుంది. 10ని దానితో భాగిస్తే సుమారు 170. దారిలో గాలి అడ్డుకుంటుంది కాబట్టి, గొట్టం దాటేటప్పటి అసలు వేగం దీనికంటే కొంచెం ఎక్కువే.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో నడిచే రైఫిల్ అయితే ఉష్ణోగ్రత కూడా రాసి పెట్టుకోవాలి. ఆ సిలిండరులో ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు, 30 డిగ్రీలకు 72. ఒంగోలులో డిసెంబరు తెల్లవారుజామున కొలిచిన వేగాన్ని, రోహిణి కార్తె మధ్యాహ్నం కొలిచిన దానితో పోల్చితే, అక్కడ తేలేది రైఫిళ్ల తేడా కాదు, ఎండ తేడా.