హాట్‌ప్యాక్‌లో వెచ్చగా ఉన్న అన్నం: సూర్యలంక ప్రయాణాల అపోహలు - వాస్తవాలు

శనివారం మధ్యాహ్నం మూడు దాటిందంటే మా ఆసుపత్రి ముందు హైదరాబాద్ కార్లు ఆగడం మొదలవుతుంది. బాపట్ల, చీరాల తీరంలోని సూర్యలంకకో, రామాపురానికో, ఓడరేవుకో రెండు రోజులు సరదాగా గడుపుదామని వచ్చినవాళ్లు. పిల్లాడు తండ్రి భుజం మీద వాలిపోయి ఉంటాడు, వెనకాల తల్లి చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని వస్తుంటుంది. కుర్చీలో కూర్చోకముందే మాట వచ్చేస్తుంది: "బీచ్ దగ్గర చేపలు తిన్నాం డాక్టర్ గారూ, అవే పడలేదు."

ఒక్కోసారి నిజంగానే చేపలు కారణం కావచ్చు. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న చేపల గురించి కాదు. "ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నారు?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది నొచ్చుకుంటారు. ఇంటి వంటను అనుమానిస్తే అమ్మనే అనుమానించినట్టు అనిపిస్తుంది మరి.

అపోహ: ఇంటి భోజనం కట్టుకెళ్తే ఏ భయమూ లేదు, బయట తింటేనే ప్రమాదం.

ఎక్కువ మందిని సెలైన్ దాకా తీసుకొచ్చేది ఈ నమ్మకమే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక కుటుంబం వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి లేచి ఆ తల్లి బగారా అన్నం, పిల్లల కోసం పెరుగన్నం చేసి, పొగలు కక్కుతుండగానే హాట్‌ప్యాక్‌లలో పెట్టి మూత బిగించింది. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా ప్రయాణం. దారిలో టిఫిన్, టీ, ఫోటోలు. సూర్యలంక చేరేసరికి పన్నెండు. పిల్లలిద్దరూ పెరుగన్నం తిన్నారు, తల్లి కూడా మిగిలింది తింది. తండ్రి మాత్రం ఇసుక ఒడ్డున పాకలో వేయించిన వంజరం ముక్కలు తిన్నాడు. మూడింటికల్లా పిల్లలకూ తల్లికీ వాంతులు. చేపలు తిన్న ఒక్క మనిషీ నిక్షేపంగా ఉన్నాడు. అయినా ఆయన చేపల పాకవాడి మీదే కోపంగా ఉన్నాడు!

ఆ హాట్‌ప్యాక్ కారులోనే ఉందంటే తెప్పించాను. మూత తీస్తే లోపలి వైపంతా నీటి బొట్లు. అడుగున రెండు గరిటెల పెరుగన్నం. వాసన చూశాను, ఏ తేడా లేదు. గిన్నె మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఆమె కూడా చెయ్యి పెట్టి చూసి, "ఇంకా వెచ్చగానే ఉంది కదా డాక్టర్ గారూ, ఎలా పాడవుతుంది?" అంది. ఆమె కళ్లలో నీళ్లు. ఆరోజు ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

వెచ్చగా ఉండటమే అసలు సమస్య. ఆహారం 60 డిగ్రీల పైన ఉంటే సూక్ష్మజీవులు పెరగవు, 5 డిగ్రీల లోపు ఉంటే దాదాపు నిద్రపోతాయి. మధ్యలో ఉన్నదంతా వాటి రాజ్యం. హాట్‌ప్యాక్ రెండు మూడు గంటలు వేడిని నిలబెడుతుంది. ఆ తర్వాత గోరువెచ్చగా దిగి, గంటల తరబడి అక్కడే ఉండిపోతుంది. పెరుగు తోడుకోవడానికి మనం ఎలాంటి వెచ్చదనం చూస్తామో, సరిగ్గా అదే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చటి అన్నంలో మేలుకుని, పెరిగి, వాంతులు చేయించే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. పైగా 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా అది చెడదు. అంటే రిసార్ట్‌లో మైక్రోవేవ్‌లో పెట్టి "మళ్ళీ వేడి చేశాం కదా" అనుకుంటే లాభం లేదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. చేతుల నుంచి అన్నంలోకి చేరే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా కూడా ఇదే పని, దాదాపు ఇదే వేగంతో చేస్తుంది. సరిగా ఉడకని పీతలు, రొయ్యల వల్ల విబ్రియో అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు అలా కాదు. అది సాధారణంగా ఒక పూట గడిచాక, ఎక్కువగా విరేచనాలతో మొదలవుతుంది.

"పెరుగు పుల్లన కదా, అదే కాపాడాలి" అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. నిజమే, పులుపు కాపాడుతుంది. కానీ దారిలో పులిసిపోకూడదని మనం వేడి అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు రెండు చెంచాలే వేస్తాం. ఆ పులుపు వచ్చేలోగా చాలా గంటలు గడిచిపోతాయి.

అన్నం కట్టుకెళ్లొద్దని నేను అనను. మా అమ్మ మమ్మల్ని సూర్యలంక తీసుకెళ్లినప్పుడల్లా పులిహోర చేసేది. కలిపాక ఇత్తడి తాంబాళంలో పల్చగా పరిచి, విసనకర్రతో విసిరి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టేది. మెతుకు అంటుకోకూడదని ఆమె అలా చేసేది. వైద్యం చదివాక ఆ విసనకర్ర విలువ నాకు అర్థమైంది. చింతపండు పులుపు, త్వరగా చల్లార్చడం, మధ్యాహ్నానికల్లా తినేయడం. మూడూ కలిస్తేనే పులిహోర ప్రయాణానికి పనికొస్తుంది. వేసవిలో, 32 డిగ్రీలు దాటినప్పుడు, మిగతా వండిన పదార్థాలు బయట ఒక గంటే ఉండాలి. అంతకన్నా ఎక్కువసేపు మోయాలంటే ఐసు గడ్డలున్న డబ్బాలో చల్లగా మోయండి. వేడిగా మోయాలనుకోవద్దు.

నన్నడిగితే కారులో పెట్టుకోవాల్సినవి సకినాలు, జంతికలు, అటుకుల చుడువా, చపాతీలు, పచ్చడి, తొక్క తీసుకుని తినే అరటి, బత్తాయి. కొబ్బరి చట్నీ, ఉడికించి పొట్టు తీసిన గుడ్లు, రాత్రి మిగిలిన చికెన్ కూర వద్దు. అన్నం వేళకు హోటల్‌కు వెళ్లండి. మీ కళ్ల ముందు పెనం మీద నుంచి దిగి, నోరు కాలేంత వేడిగా ఆకులోకి వచ్చిన చేప, ఏడు గంటలు ప్రయాణం చేసిన మీ ఇంటి అన్నం కన్నా ఎక్కువ సురక్షితం. పక్కన పెట్టే ఉల్లిపాయ ముక్కలు, చట్నీ, ఐసు మాత్రం వదిలేయండి.

అపోహ: సముద్రం పక్కన హోటల్ కాబట్టి చేప ఇవాళే పట్టింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరమంతా మరబోట్ల వేటకు నిషేధం. మీ పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో దొరికేది చిన్న తెప్పల మీద తెచ్చిన కొద్దిపాటి చేప, ఐసులో దాచింది, లేదా చెరువుల్లో పెంచిన రొయ్యలు, పండుగప్ప. అందులో మోసమేమీ లేదు. పట్టిన దగ్గర్నుంచి ఐసులో ఉన్న చేప, ఎండలో వల మీద పడి ఉన్న "తాజా" చేప కన్నా మంచిది. కళ్లు తేటగా, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. పీత అయితే కదులుతూ ఉండాలి. హోటల్లో చూపించమని అడగండి, మొహమాటం వద్దు.

కానగర్త, సూర లాంటి చేపలు ఐసు లేకుండా ఉంటే వాటిలో అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. వేయించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. నాలుకకు మిరియం తగిలినట్టు ఘాటుగా అనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టేయండి.

అపోహ: చేపలు తిని పెరుగు తింటే బొల్లి వస్తుంది. రాదు. బొల్లి మన రోగనిరోధక శక్తి మన చర్మపు రంగు కణాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. ఈ వాట్సాప్ మెసేజ్ నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. దయచేసి పంపకండి.

అపోహ: ఖాళీ కడుపుతో కారెక్కితే వాంతి రాదు. ఖాళీ కడుపుకీ వస్తుంది, నిండా తిన్నా వస్తుంది. రెండు ఇడ్లీలు తిని, ఫోను పక్కన పెట్టి, ముందుకు చూస్తూ కూర్చోవాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రయాణ వాంతుల మాత్ర మీ అంతట మీరు వేయకండి.

అపోహ: విరేచనాలు పట్టుకోగానే వాటిని ఆపేసే మాత్ర బ్యాగులో ఉండాలి. పిల్లలకు అసలు వద్దు. పెద్దవాళ్లకైనా జ్వరం, రక్తం ఉంటే వద్దు. బ్యాగులో ఉండాల్సింది ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు, నాలుగైనా పెట్టుకోండి. మొత్తం ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు) కలపాలి. గ్లాసులో కొంచెం పొడి వేసి ఇస్తే ఉప్పు ఎక్కువై పసివాళ్లకు ప్రమాదం. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి జ్యూసులు ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డబ్బాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని చెప్పింది. పాత డబ్బాలు ఇంట్లో ఉంటే వాటిని నమ్ముకోకండి.

వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టించండి. చాలామంది పిల్లలు రాత్రికల్లా తేరుకుంటారు, టెన్షన్ పడకండి. కానీ చెంచాడు కూడా నిలవకపోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, పిల్లాడు మగతగా పడి ఉన్నా, తెల్లారాక హైదరాబాద్ వెళ్లి చూపిద్దాంలే అనుకోవద్దు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి అప్పుడే రండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఆ హాట్‌ప్యాక్ కడగకుండా తీసుకురండి.