గడప కొసలే ఎందుకు చివుకుతాయి?

అడుగులు పడేది గడప మధ్యలో. వాన ఎక్కువగా తగిలేదీ అక్కడే. అయినా మధ్యభాగం నిక్షేపంగా ఉండి, నిలువు చెక్కల కిందికి దూరిన రెండు కొసలూ స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడేంత మెత్తబడతాయి.

చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీరు మోసిన గొట్టాలు చెక్కలో అలాగే ఉండిపోతాయి. గడపలో అవి నిడివి వెంట పడుకుని ఉంటాయి. పైతలం మీద నీటికి తగిలేవి వాటి పక్కగోడలు. కోసిన కొస దగ్గర తగిలేవి తెరిచిన నోళ్ళు. నిలువు గొట్టంలో నీరు ఎంత ఎక్కుతుందో దాని వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది: 1 మి.మీ. అయితే సుమారు 15 మి.మీ., 0.01 మి.మీ. అయితే సుమారు ఒకటిన్నర మీటరు! గడపలో గొట్టాలు అడ్డంగా ఉన్నాయి కనుక నీటి బరువు కూడా అడ్డురాదు. కొసకూ నిలువు చెక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఇలాంటి గొట్టమే. అక్కడ దూరిన నీటికి గాలి తగలదు, ఆరదు.

చెక్కను కుళ్ళబెట్టేది శిలీంధ్రం. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే అది పెరగదు. 'డ్రై రాట్' (పొడి కుళ్ళు) అన్న పేరు విని పొడి చెక్క కూడా కుళ్ళుతుందనుకుంటారు, అది తప్పు. గోధుమరంగు కుళ్ళు తెచ్చే శిలీంధ్రాల ఎంజైములు కణగోడ రంధ్రాల్లో పట్టనంత పెద్దవి. అందుకే అవి ముందు ఇనుప అయాన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలయికతో హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన చిన్న కణాలను పుట్టించి, చెక్కకు బలమిచ్చే నారపదార్థమైన సెల్యులోజ్‌ను తునకలు చేస్తాయి. ఎంత అద్భుతమైన ఉపాయమో! ఆ నారలను పట్టి ఉంచే లిగ్నిన్ చాలావరకు మిగిలి, చెక్క చిన్న ఘనాలుగా పగులుతుంది.

చివికిన గడపను మార్చేటప్పుడు ముందు కొలతలు రాసుకుని, నిలువు చెక్కలు కిందికి జారకుండా ఆనిక పెట్టాలి. గడపను మధ్యలో రెండుచోట్ల కోసి ఆ ముక్క తీస్తే కొసలను లోపలికి లాగవచ్చు. మేకులు పట్టేస్తే సందులో హాక్సా బ్లేడు దూర్చి కోయాలి. నిలువు చెక్కల పాదాలనూ గుచ్చి చూసి, మెత్తగా ఉంటే గట్టి చెక్క తగిలేదాకా కోసి అతుకు వేయాలి.

కొత్తది ఎండిన చేవ చెక్క కావాలి. పైతలానికి ప్రతి 100 మి.మీ.కు 10 మి.మీ. చొప్పున బయటికి వాలు, కింద బయటి అంచుకు దగ్గరగా, నీటిచుక్క లోపలికి పాకకుండా అక్కడే రాలిపోయేలా 8 మి.మీ. గాడి ఉండాలి. బిగించే ముందే కొసలకు పల్చని ఎపాక్సీ (గట్టిపడే రెజిన్ జిగురు) పూయాలి. మొదటి పూత చూస్తుండగానే ఇంకిపోతుంది. పీల్చడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ పూయాలి. తర్వాత కొస ఒక్క మి.మీ. చెక్కినా పూత మొదటికొస్తుంది. అడుగున తేమ ఎక్కని షీటు, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడాలి. కొసల పైసందును సీలెంట్‌తో మూసి, బయటి అడుగు అంచును వదిలేయాలి. లోపలికి చేరిన నీరు బయటపడేది అటే. రంగు, పుట్టీ గాడిలో పేరుకోనివ్వకూడదు. గాడి ఇరుకైతే నీటిచుక్క దాన్ని దాటి, అడుగుతలం వెంట గోడదాకా పాకుతుంది.