చదరంగపు గళ్లలో ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక బియ్యపుగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే అయ్యే మొత్తం 18446744073709551615. ఈ ఇరవై అంకెలనూ ఒక తెలుగు చంపకమాల పొల్లుపోకుండా దాచిపెట్టింది. 'శర శశి షట్క చంద్ర' అంటూ అది మొదలవుతుంది. శరాలు మన్మథుడివి కనుక ఐదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు మళ్లీ ఒకటి. అంకెలను కుడి నుంచి ఎడమకు చెప్పే సంప్రదాయం ప్రకారం ఇవి సంఖ్య చివరనున్న 1615. మూడుచోట్ల వచ్చే ఏడును పద్యం నగమనీ, భూధరమనీ, గిరి అనీ పిలుస్తుంది. మూడూ కొండలే, కులపర్వతాలు ఏడు కనుక; ఛందస్సులో ఎక్కడ ఏది ఒదిగితే అక్కడ అది.

గింజ బరువు 20 మిల్లీగ్రాములనుకుంటే, సగం బల్ల నిండేసరికి సుమారు 86 టన్నులు, అంటే 25 కిలోల బస్తాలు మూడు వేల నాలుగు వందల పైచిలుకు అవుతాయి. రైస్ మిల్లు తూచి ఇవ్వగలిగిన సరుకే. బల్లంతా నిండితే మాత్రం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచంలో ఏటా వచ్చే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త ఎక్కువ కాబట్టి, ఇది సుమారు ఏడు వందల ఏళ్ల పంట.

ఈ సంఖ్య కథ సాధారణంగా గింజల దగ్గరే ఆగిపోతుంది. నాకు మాత్రం దాని పరిమాణం కన్నా లోపలి కట్టుబడి ముచ్చటగా తోస్తుంది. మన అంకెల్లో చిందరవందరగా కనిపించే ఈ సంఖ్యను కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే వరసగా అరవై నాలుగు ఒకట్లు, అంతే. ఆ వరసను సరిగ్గా మధ్యకు విరిస్తే, బడిలో నేర్చుకున్న వర్గాల భేదం సూత్రం ప్రకారం, ముప్పై రెండు రెండ్ల లబ్ధానికి ఒకటి తక్కువైన సంఖ్య, ఒకటి ఎక్కువైన సంఖ్య కారణాంకాలుగా దొరుకుతాయి. తక్కువైనదాన్ని మళ్లీ మళ్లీ అలాగే విరుస్తూ పోతే చివరికి 3, 5, 17, 257, 65537 అనే ప్రధాన సంఖ్యలు తేలతాయి. మొదట పక్కన పెట్టిన పెద్దది, 4294967297, కూడా ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1640లో నమ్మాడు. అది తప్పని తేలడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు.

విచిత్రమేమిటంటే, ఈ 4294967297ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపినదే కావాలి. ఆ లెక్కన ప్రయత్నించవలసినవి 193, 257, 449, 577, ఐదోది 641. భాగఫలం 6700417. కాగితం మీదే సరిచూసుకోవచ్చు: దాని ఆరు వందల రెట్లు 4020250200, నలభై ఒక్క రెట్లు 274717097, రెండూ కలిపితే 4294967297.