షియర్ లాగ్: బాక్స్ గర్డర్ వంతెనల గురించి అపోహలు - వాస్తవాలు

వంతెనల డిజైన్లు చెక్ చేయడం నా రోజువారీ పని. బాక్స్ గర్డర్ (లోపల డొల్లగా, పెట్టెలా ఉండే పొడవాటి దూలం) లెక్కలు చేతికొస్తే ముందుగా పియర్ (వంతెనను మోసే స్తంభం) మీది సెక్షనే తీస్తాను. టాప్ స్లాబ్ వెడల్పంతా ఒకే స్ట్రెస్ (ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలం) వేసి ఉంటే ఇక అక్కడే ఆగిపోతాను.

అపోహ: వంగినప్పుడు ఫ్లాంజ్ (బాక్స్ పై స్లాబ్ లేదా కింది స్లాబ్) మొత్తం ఒకేలా పనిచేస్తుంది.

కాలేజీలో చదివిన బీమ్ సిద్ధాంతం అలాగే చెబుతుంది. సన్నటి బీమ్‌కు అది చాలు, వెడల్పాటి బాక్స్‌కు చాలదు. ఫ్లాంజ్‌లోకి బలం వెబ్‌ల (బాక్స్ పక్క గోడల) దగ్గరే ఎక్కుతుంది. అక్కడి నుంచి షియర్ (పక్కపక్క భాగాలను ఒకదాని వెంట ఒకటి జరిపే బలం) రూపంలో పక్కకు పాకుతుంది. ఈ పాకడంలో స్లాబ్ కాస్త ఏటవాలుగా సాగుతుంది కాబట్టి మధ్య భాగం వెనకబడుతుంది. ఈ వెనకబాటునే షియర్ లాగ్ అంటారు.

ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు నిలబడి, రెండేసి కొసలు పట్టుకుని లాగి చూడండి. అంచుల వెంట బట్ట బిగుసుకుంటుంది. మనిషి రెండు చేతుల మధ్య మాత్రం వదులుగానే ఉంటుంది. దుప్పటి నడిమికి వెళ్లేకొద్దీ ఆ వదులు తగ్గుతుంది. బిగిసిన అంచులు వెబ్‌లు అనుకుంటే, వదులుగా ఉన్న చోటు స్లాబ్ మధ్య భాగం.

అపోహ: షియర్ చెక్ పాసైంది, స్టిరప్స్ (షియర్‌ను తట్టుకోవడానికి వేసే అడ్డ కడ్డీలు) ఉన్నాయి, కాబట్టి ఇబ్బంది లేదు.

ఇది పేరు వల్ల వచ్చిన తికమక. స్టిరప్స్ వెబ్‌లోని షియర్ కోసం. షియర్ లాగ్ మార్చేది ఫ్లాంజ్‌లో వంతెన పొడవునా ఉండే స్ట్రెస్‌ని.

అపోహ: వంతెన మొత్తానికీ ఒకే ఎఫెక్టివ్ విడ్త్ (ఫ్లాంజ్‌లో నిజంగా పనిచేసేదిగా లెక్కించే వెడల్పు) వేస్తే సరిపోతుంది.

నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, అందుకే లెక్క వేసి చూపిస్తాను. 60 మీటర్ల స్పాన్లు (రెండు పియర్ల మధ్య భాగాలు) వరుసగా ఉన్న కాంక్రీట్ వంతెనలో ఒక లోపలి స్పాన్ తీసుకుందాం. వెబ్‌ల మధ్య దూరం 6 మీటర్లు, అంటే ఒక్కో వెబ్ వాటా 3 మీటర్ల స్లాబ్. యూరోకోడ్ 2 (కాంక్రీట్ నిర్మాణాలకు యూరప్ ప్రమాణం) ప్రకారం పనిచేసే వెడల్పు ఆ 3 మీటర్లలో 0.2 వంతు, దానికి తోడు మొమెంట్ (వంచే ప్రభావం) సున్నా అయ్యే బిందువుల మధ్య దూరంలో 0.1 వంతు.

స్పాన్ మధ్యలో ఆ దూరం 42 మీటర్లు. 0.6కి 4.2 కలిపితే 4.8, కాబట్టి 3 మీటర్లూ పనిచేస్తాయి. పియర్ మీద ఆ దూరం 18 మీటర్లే. 0.6కి 1.8 కలిపితే 2.4. స్లాబ్ అదే, వెబ్‌లూ అవే, కానీ 80 శాతమే పనికొచ్చింది. అంటే వెబ్ పక్కన స్ట్రెస్ సగటు కంటే పాతిక శాతం ఎక్కువ. పియర్ మీద మొమెంట్ కోసుగా లేచి వెంటనే పడిపోతుంది. బలం పక్కకు పాకడానికి చోటు దొరకదు.

పైగా అక్కడ టాప్ స్లాబ్ టెన్షన్‌లో (లాగుడులో) ఉంటుంది. సగటు స్ట్రెస్ చూసి స్టీలును సమానంగా పరిస్తే వెబ్ పక్కనే పగుళ్లు పడతాయి, వాననీళ్లు దిగేది కూడా అక్కడే. ప్రీస్ట్రెస్ కేబుళ్లు (కాంక్రీట్‌ను నొక్కి పట్టడానికి బిగించిన ఉక్కు తీగలు) ఆ పక్కనే ఉంటాయి. వెబ్ దగ్గర కడ్డీలు దగ్గరదగ్గరగా వేయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: 1970 ప్రాంతంలో కూలిన స్టీల్ బాక్స్ గర్డర్లు షియర్ లాగ్ వల్లే కూలాయి.

కాదు. మెల్‌బోర్న్ వెస్ట్ గేట్ వంతెన 1970 అక్టోబర్ 15న నిర్మాణంలోనే కూలి 35 మంది చనిపోయారు. పక్కపక్కన ఉండాల్సిన రెండు సగాల ఎత్తులో తేడా వచ్చింది. సరిచేయడానికి కాంక్రీట్ దిమ్మెలు పెట్టారు, దాంతో ప్లేటు ఉబ్బింది. ఆ ఉబ్బు తీయడానికి బోల్టులు విప్పారు. అది ప్లేటు బక్లింగ్ (నొక్కుడుకు ఉబ్బి వంగిపోవడం) కథ, ఈ రెండింటినీ కలపకూడదు.

అపోహ: చివరికి స్టీల్ యీల్డ్ అయి (తిరిగిరాకుండా సాగిపోయి) బలం సర్దుకుంటుంది, కాబట్టి వదిలేయొచ్చు.

అల్టిమేట్ బలం (కూలేముందు మోయగల గరిష్ఠ బలం) వరకు ఇందులో కొంత నిజం ఉంది. రోజువారీ లోడ్ల కింద పగుళ్లు, ఫెటీగ్ (పదేపదే లోడ్ పడి బలహీనపడటం), కుంగుబాటు మాత్రం సర్దుకోవు. పలావు దేశంలో 1977లో కట్టిన కోరోర్-బాబెల్‌దావోబ్ వంతెన ప్రధాన స్పాన్ 241 మీటర్లు. అది రెండు దశాబ్దాలు నిండకముందే సుమారు 1.6 మీటర్లు కుంగింది. ముఖ్య కారణం కాంక్రీట్ క్రీప్ (ఏళ్ల తరబడి లోడ్ కింద నెమ్మదిగా రూపు మారడం). అయితే షియర్ లాగ్ పట్టని సాదా బీమ్ లెక్క కుంగుబాటును తక్కువ చేసి చూపుతుందని తర్వాతి త్రీడీ విశ్లేషణల్లో తేలింది.

ఇంకొకటి, ఎక్కువ స్ట్రెస్ ఎప్పుడూ వెబ్ దగ్గరే ఉంటుందనుకోకండి. కాంటిలీవర్‌గా (ఒక కొస మాత్రమే పట్టు ఉండి, రెండో కొస గాల్లో ఉండేలా) కట్టుకుంటూ వెళ్లే వంతెనలో మొదలు నుంచి కొంత దూరం దాటాక స్లాబ్ మధ్యలోనే స్ట్రెస్ ఎక్కువ కావచ్చు. దీన్నే నెగెటివ్ షియర్ లాగ్ అంటారు. అక్కడ మొమెంట్ తక్కువ కాబట్టి సాధారణంగా ప్రమాదం ఉండదు, కానీ కట్టే దశల లెక్కలో షెల్ మోడల్‌తో (స్లాబ్‌లు, వెబ్‌లను పలకలుగా చూపే కంప్యూటర్ మోడల్) ఒకసారి చూసుకోవాలి.