ప్రూఫు చూడటం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు పుస్తకాలకు ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి తీసే ప్రతులు, చూడటం నా వృత్తి. కథాసంపుటాలు, నవలలు, పాత పద్యకావ్యాల పునర్ముద్రణలు ఎక్కువగా నా దగ్గరకు వస్తుంటాయి. ఈ పని గురించి రచయితల్లోనూ పాఠకుల్లోనూ స్థిరపడిపోయిన కొన్ని అభిప్రాయాలు పుస్తకాలకు నష్టం చేస్తున్నాయి కాబట్టి, వాటిని విడివిడిగా చర్చిస్తున్నాను.

అపోహ: ప్రూఫు చూడటమంటే అక్షరదోషాలు ఏరివేయడమే.

వాస్తవం: ‘విధ్యార్థి’ వంటి తప్పు ఎవరి కంటికైనా కనిపిస్తుంది. ‘పల్లె కళలు’ అని ఉండవలసిన చోట ‘పల్లె కలలు’ అని పడితే మాత్రం ఆ పదమూ సరైనదే, వాక్యమూ చెల్లుతుంది; ఆ వ్యాసం తోలుబొమ్మలాట గురించి సాగుతున్నదన్న స్పృహతో చదువుతున్నవారికే అక్కడ అనుమానం వస్తుంది. విషయం వెంట నడవకుండా అక్షరాల వెంట మాత్రమే నడిచే కన్ను ఇలాంటి చోట ఆగదు.

అపోహ: ఇప్పుడు కంప్యూటరే దిద్దిపెడుతుంది.

వాస్తవం: తెలుగులో ఒక్క క్రియకు ఎన్నెన్నో రూపాలు ఏర్పడతాయి, పైగా మాటలు సంధులతో కలిసిపోతాయి. ‘వెళ్ళకపోయినప్పటికీ’, ‘ఏమంటున్నాడోనని’ వంటి నిక్షేపమైన మాటల కింద ఎర్రగీత పడవచ్చు. ‘ముందు కూర్చున్నాడు’ అనవలసిన చోట ‘మందు కూర్చున్నాడు’ అని ఉన్నా గీత పడకపోవచ్చు. పాత ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు తారుమారయ్యే ప్రమాదం మరొకటి ఉంది కాబట్టి, అటువంటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవక తప్పదు.

అపోహ: రాసినవారే చూసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: రాసినవారి కన్ను కాగితం మీద ఉన్నదాన్ని కాక, తాము రాశామనుకున్నదాన్ని చదువుతుంది. ఒకరు మూలప్రతిని పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూసే పాత పద్ధతి అందుకే ఏర్పడింది, ఇప్పటికీ అంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు కనిపించలేదు.

అపోహ: మాండలికంలో తప్పొప్పులు ఉండవు, దాన్ని ముట్టుకోకూడదు.

వాస్తవం: ముట్టుకోకూడదన్న మాట నిజమే. తెలంగాణ పాత్ర నోట ‘వచ్చిండు’ అన్న మాటను ‘వచ్చాడు’ అని దిద్దడం అపరాధమని నేను భావిస్తాను. అయితే మాండలికానికీ తనదైన కట్టుబాటు ఉంటుంది. ఇంట్లో ‘వచ్చిండు’ అన్న తల్లి, నాలుగు పేజీల తరువాత తహసీల్దారు ఎదుట ‘వచ్చాడు’ అంటే, అది టైపు చేసినవారి అలవాటు వల్ల జారిపడిన మాటా, లేక అధికారి ముందు ఆమె పలుకు అప్రయత్నంగా మారడాన్ని రచయిత కావాలనే చూపించారా అన్నది తేల్చుకోవలసి ఉంటుంది. మొదటిదైతే దిద్దాలి, రెండోదైతే అది ఆ కథకు ప్రాణం. ఆ ఒక్క మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టి రచయితకు పంపడమే నా పని; నా అంతట నేను మార్చే అధికారం నాకు లేదు.

అపోహ: పద్యాల ప్రూఫులు పండితులు మాత్రమే చూడగలరు.

వాస్తవం: ఛందస్సు తెలిసినవారికి పద్యం వచనం కన్నా సహకరిస్తుంది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతిస్థానం పదవ అక్షరం, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ప్రాస ఉండాలి. మూడు పాదాల్లో ప్రాసస్థానంలో ‘న్న’ ఉండి, నాలుగో పాదంలో ఒట్టి ‘న’ కనిపిస్తే ఒత్తు ఎగిరిపోయిందని అనుమానించాలి; దాని ముందున్నది హ్రస్వమైతే గురువు కావలసిన తొలి అక్షరం లఘువై గణం కూడా తప్పుతుంది కాబట్టి, ఆ అనుమానం రూఢి అవుతుంది. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి సంస్థ ముద్రణలను తెలుగువారు ఇప్పటికీ ప్రామాణికంగా ఎంచుతున్నారంటే, వాటి వెనుక ఇంతటి పరిశీలన ఉంది. అంతకు ముందే సి.పి. బ్రౌన్ పండితులను సొంత ఖర్చుతో నియమించి, ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు రాతప్రతులను వారిచేత పోల్పించారు. 1829లో 693 పద్యాలతో ఆయన వెలువరించిన వేమన సంకలనం కూడా అలా ప్రతులు సేకరించి చేసిన కృషి ఫలితమే. ప్రూఫు చదివేవారికి వారే పూర్వులని నేను నమ్ముతాను.

అపోహ: వృత్తిగా చదివేవారికి చదువులోని ఆనందం మిగలదు.

వాస్తవం: నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. మొదటి ప్రూఫులో కథ ఏమిటో తెలుస్తుంది, రెండో ప్రూఫులో అది ఎలా అల్లబడిందో తెలుస్తుంది. కథ చెబుతున్న మనిషి తన భార్య పేరును మూడో పేజీ దాకా పలకలేదని, పలికిన చోట ఆమె అప్పటికే లేదని రెండోసారి చదివేటప్పుడే గమనిస్తాను. ఒక్కసారి వేగంగా చదివి పక్కన పెట్టిన పుస్తకంలో ఇటువంటివి ఎన్నో చూడకుండా మిగిలిపోతాయి; నాకు జీతమిచ్చి మరీ వాటిని రెండుసార్లు చదివిస్తున్నారు.