ఇంటికొచ్చే డబ్బు ఒకటే, పన్ను వేరు: అపోహలు - వాస్తవాలు

ఆదాయపు పన్ను రిటర్నులు వేయడమే నా వృత్తి. ఏటా జూలైలో కొన్ని మాటలు తప్పకుండా వింటాను. కింది అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. వేరుగా చెప్పిన చోట తప్ప కొత్త పన్ను విధానంలోవి.

అపోహ: భార్యాభర్తల జీతాలు కలిపి 12 లక్షలు దాటితే పన్ను కట్టాలి.

వాస్తవం: మన చట్టానికి కుటుంబంతో పని లేదు, ఎవరి లెక్క వారిదే. అమెరికాలో మాదిరి దంపతులు ఉమ్మడి రిటర్ను వేసే వీలు ఇక్కడ లేదు. ఒక ఇంట్లో ఇద్దరికీ చెరి 12 లక్షల జీతం అనుకుందాం. జీతంలోంచి అందరికీ తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేసి, పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను మాఫీ చేసే రిబేటు కలుపుకుంటే ఇద్దరికీ పన్ను సున్నా. పక్కింట్లో ఒక్కరే 24 లక్షలు తెస్తున్నారు. డిడక్షన్ పోగా మిగిలిన 23.25 లక్షలపై శ్లాబుల (ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే రేట్ల) ప్రకారం పన్ను 2,81,250, ఆ పన్నుపై నాలుగు శాతం సెస్సు 11,250, వెరసి 2,92,500 రూపాయలు. ఒక్కరి సంపాదనతో పిల్లలనూ పెద్దలనూ పోషించే ఇంటికి ఇది అన్యాయమనే నేను అంటాను. కానీ రిటర్నులో లెక్క ఇంతే.

అపోహ: డిపాజిట్ భార్య పేరున వేస్తే వడ్డీపై పన్ను తప్పుతుంది.

వాస్తవం: తప్పదు. భార్యకు డబ్బు ఇవ్వవచ్చు, ఆ బహుమతిపై ఆమెకు పన్ను ఉండదు. అయితే దానిపై వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. 20 లక్షలపై 7 శాతం చొప్పున వచ్చే 1,40,000 వడ్డీకి, 30 శాతం శ్లాబులో ఉన్న భర్త సెస్సుతో కలిపి 43,680 కట్టాలి. ఆ వడ్డీని ఆమె మళ్లీ డిపాజిట్ చేస్తే, దానిపై వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన సొమ్ముపై ఆదాయమూ పూర్తిగా ఆమెదే. అందుకే ఆ కాగితాలు భద్రపరచమని పదేపదే చెబుతాను. మైనర్ పిల్లల పేరున వేసినా వడ్డీ తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారికే చేరుతుంది. తల్లిదండ్రులకో, మేజరైన పిల్లలకో నిజంగా ఇచ్చేస్తే ఈ నిబంధన వర్తించదు.

అపోహ: 12 లక్షల దాకా ఏ ఆదాయమైనా, ఎవరిదైనా పన్ను లేదు.

వాస్తవం: ఏడాది లోపే షేర్లు అమ్మి సంపాదించిన లాభంపై 20 శాతం పన్నుకు రిబేటు వర్తించదు. విదేశాల్లో స్థిరపడి హైదరాబాద్ ఫ్లాటు అద్దె తీసుకునే ఎన్నారైలకు రిబేటే లేదు. ఉమ్మడి ఆస్తిపై విడిగా పన్ను కట్టే హిందూ అవిభక్త కుటుంబానికీ అంతే. అన్నట్టు, 12 లక్షలు కాస్త దాటితే కంగారు పడకండి: పన్ను వేసే ఆదాయం 12,10,000 అయితే శ్లాబుల లెక్కన వచ్చే 61,500 కాదు, సెస్సు కాక 10,000 కడితే చాలు.

అపోహ: 75 ఏళ్లు దాటితే పన్ను ఉండదు.

వాస్తవం: పింఛను, ఆ పింఛను వచ్చే బ్యాంకులోనే వచ్చే వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివారికి, బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే, రిటర్ను వేయడం నుంచి మాత్రమే మినహాయింపు. పన్ను బ్యాంకే కోసుకుంటుంది. 60 ఏళ్లకు 3 లక్షలు, 80కి 5 లక్షల దాకా పన్ను లేని పరిమితి పాత విధానంలోనే.

అపోహ: ఉద్యోగి పోయాక ఇంటివారికి వచ్చే కుటుంబ పింఛను కూడా జీతం లాంటిదే.

వాస్తవం: కాదు. దీనికి 75,000 డిడక్షన్ రాదు. పింఛనులో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గుతుంది. భర్త పోయిన ఏడాది భార్య తన రిటర్నుతో పాటు, ఆయన మరణించిన తేదీ వరకు ఉన్న ఆదాయానికి వారసురాలిగా పోర్టల్‌లో నమోదై వేరే రిటర్ను వేయాలి. ఆయనకు చెల్లించేటప్పుడే కోసిన పన్ను (టీడీఎస్)లో వెనక్కి రావలసినది ఏమైనా ఉంటే ఆ రిటర్ను ద్వారానే అడగాలి.