ఎడిటింగ్ సిస్టమ్ కొనేముందు మీ ఫుటేజీ ఏంటో చూసుకోండి

ఎడిటింగ్‌కి ఏ సిస్టమ్ తీసుకోవాలని ఎవరడిగినా నేను ముందు అడిగేది బడ్జెట్ కాదు, మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందని. చాలామందికి తెలీదు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్ తెరిస్తే కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), బిట్ డెప్త్ (ఒక్కో రంగుని ఎన్ని బిట్లలో రాస్తుందో) అన్నీ కనిపిస్తాయి. అది చూడకుండా భాగాలు ఎంచుకోవద్దు.

అపోహ: ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంటే టైమ్‌లైన్ ఎక్కడా ఆగదు.

వాస్తవం: కలర్, నాయిస్ తగ్గించడం, బ్లర్ లాంటి ఎఫెక్టుల బరువు కార్డు మోస్తుంది, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే మరీనూ. కానీ ఏ ఎఫెక్టూ వేయని క్లిప్పే ఆగి ఆగి నడుస్తుంటే చాలాసార్లు ఇబ్బంది డీకోడింగ్‌లో, అంటే కుదించిన వీడియోను విప్పడంలో ఉంటుంది. హెచ్.264, హెచ్.265 కోడెక్‌ల ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు, చుట్టుపక్కల ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అదే ఎక్కువగా ఉంటుంది, కాబట్టి మీరు మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తే సిస్టమ్ వెనక ఉన్న పూర్తి ఫ్రేమ్ దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ఈ పనికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, అది అన్ని రకాలనూ చదవలేదు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావాటిలో వచ్చే 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం) హెచ్.265నే తీసుకోండి, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కి ముందున్న ఎన్విడియా కార్డులు, 4090తో సహా, దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు. ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే డీకోడింగ్ భాగం, క్విక్ సింక్, మాత్రం చేస్తుంది! అందుకే ఇంటెల్ తీసుకుంటే పేరు చివర ఎఫ్ ఉన్న మోడల్ వద్దంటాను. వాటిలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు.

అపోహ: 16 జీబీ ర్యామ్ సరిపోతుంది.

మామూలు కటింగ్‌కి, హెచ్‌డీకి సరే. 4కెకి 32 పెట్టుకోండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే గ్రాఫిక్స్, ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి 64 కూడా ఎక్కువేం కాదు, ఎందుకంటే అది ప్రివ్యూ ఫ్రేములను విప్పేసి ర్యామ్‌లో దాచుకుంటుంది. 8 బిట్‌లోనే ఒక 4కె ఫ్రేమ్ సుమారు 33 ఎంబీ, అంటే సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 10 సెకన్లకే 8 జీబీ దాటిపోతుంది.

అపోహ: అన్నిటికన్నా వేగమైన ఎన్‌వీఎంఈనే (కొత్త తరహా ఎస్‌ఎస్‌డీ) కావాలి.

సెకనుకి 100 మెగాబిట్ల కెమెరా ఫైల్‌కి కావాల్సింది 12.5 ఎంబీ వేగమే. పాత తరహా సాటా ఎస్‌ఎస్‌డీయే 500 ఎంబీ దాకా ఇస్తుంది. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే బరువైన కోడెక్‌లో 4కె, 30 ఫ్రేములైతే ఒక్కో స్ట్రీమ్ సెకనుకి సుమారు 110 ఎంబీ తింటుంది, అలాంటివి నాలుగైదు కెమెరాలవి ఒకేసారి నడిపేవాళ్లకి ఎన్‌వీఎంఈ అవసరమే. మిగతావాళ్లు ఆ డబ్బుతో బ్యాకప్‌కి ఇంకో డ్రైవ్ కొనండి, దయచేసి. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ పెట్టినా అది బ్యాకప్ కాదు, పొరపాటున డిలీట్ చేసిన ఫైల్ రెండు డిస్కుల్లోనూ పోతుంది.

అపోహ: ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు) పాత సిస్టమ్ ఉన్నవాళ్లకే.

పెద్ద సినిమాలు కూడా తక్కువ రిజల్యూషన్ కాపీల మీదే కట్ చేసి, చివర్లో అసలు ఫుటేజీకి కలుపుతారు. మీ సిస్టమ్ డీకోడ్ చేయలేని ఫైళ్లు ఎప్పుడో ఒకసారి వస్తే కొత్తది కొనేయకండి, రాత్రి ప్రాక్సీలకి పెట్టి పడుకోండి, పొద్దున్నే హాయిగా కట్ చేసుకోవచ్చు.